రెండు తలుపుల యంత్రం

ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రాన్ని మారుస్తారన్న మాట చెవిన పడగానే చిన్నకోడలు చేసిన మొదటి పని అబద్ధం ఆడటం.

"దానికేమైంది డాక్టరమ్మగారూ, గుండ్రాయిలా ఉంది. మనం పోయినా అది పోదు," అంది. ముఖానికి మాస్కు ఉండటం ఎంత సుఖమో ఆమెకు ఆ క్షణాన తెలిసింది.

డాక్టరమ్మ ఆ భవనానికి పెద్ద. విశ్వవిద్యాలయంలో ప్రయోగాల కోసం పెంచే ఎలుకలూ కుందేళ్ళూ అన్నీ ఆ పశువైద్యురాలి చేతికింద ఉంటాయి. నోరులేని జీవాల జబ్బులు కనిపెట్టీ కనిపెట్టీ, నోరున్నవాళ్ళ అబద్ధాలు కూడా కళ్ళల్లోనే కనిపెట్టడం ఆవిడకు అలవాటైపోయింది.

"గుండ్రాయే. అందుకే వేడెక్కడం మానేసింది. మొన్న పొట్టు తడితడిగా బయటికొచ్చిందా లేదా?"

"ఏదో కాస్త చెమ్మ..."

"కాస్త చెమ్మంటే కాస్త క్రిమి బతికున్నట్టే. లోపలి గదుల్లో ఉన్నవి మామూలు ఎలుకలు కావు తల్లీ, ఎవరన్నా గట్టిగా తుమ్మితే పోయేవి. కొత్త యంత్రం కావాలని అడిగాను. పాతది చెడిందని రుజువు చూపిస్తే వెంటనే ఇస్తామంటున్నారు పైవాళ్ళు. లేకపోతే ఇంకో ఏడాది దీంతోనే నెట్టుకురమ్మంటున్నారు. ఏ మూట మీదైనా టేపు నల్లబడకుండా వస్తే నాకు తెచ్చి చూపించు. ఆ ఒక్క టేపు ముక్క చాలు."

చిన్నకోడలు తలూపింది. తలూపడం వేరు, ఒప్పుకోవడం వేరు.

ఆ పాత ఆటోక్లేవ్ గోడలో ఇరుక్కుని ఉంటుంది. ఒక మంచం పట్టేంత ఇనుప గది. దానికి రెండు తలుపులు. ఒకటి కడుగుడు గదిలోకి తెరుచుకుంటుంది, దాన్ని డర్టీ సైడు అంటారు. రెండోది క్లీన్ సైడులోకి. ఎలుకల బోనులు, నీళ్ళ సీసాలు, బోనుల్లో పరిచే రంపపు పొట్టు మూటలు అటునుంచి లోపలికి వెళ్ళి, ఆవిరిలో ఉడికి, క్రిమీ కీటకం చచ్చి ఇటునుంచి బయటికి వస్తాయి. మూటకు అంటించిన టేపు మీద తెల్లని గీతలుంటాయి. సరిగ్గా ఉడికితే అవి నల్లబడతాయి. ఒక తలుపు తెరిచి ఉన్నంతసేపూ రెండోది చచ్చినా తెరుచుకోదు. అటు గాలి ఇటు రాకూడదు, అటు మనిషి ఇటు రాకూడదు. క్లీన్ సైడువాళ్ళు స్నానం చేసి, ఉడికించిన బట్టలు తొడుక్కుని వేరే ద్వారాన వస్తారు. డర్టీ సైడువాళ్ళది వెనక ద్వారం. ఒకే యంత్రానికి చెరోవైపు నిలబడి ఏళ్ళ తరబడి పనిచేసినా ఒకరి మొహం ఒకరు చూడకుండా బతికేయొచ్చు.

మాటల్లేని తోడికోడళ్ళకు అంతకన్నా ఏం కావాలి?

అన్నదమ్ముల పెళ్ళాలు వాళ్ళిద్దరూ. పెద్దావిడ డర్టీ సైడు, చిన్నావిడ క్లీన్ సైడు. భవనంలో అందరూ వాళ్ళను పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలిచేవాళ్ళు. అసలు పేర్లు హాజరు వేసే గుమస్తాకు కూడా తడుముకుంటే గానీ గుర్తొచ్చేవి కావు. చిన్నకోడల్ని ఆ పనిలో పెట్టించింది పెద్దకోడలే. అదీ ఏరికోరి క్లీన్ సైడున. ఎందుకంటే డర్టీ సైడున కడుక్కుంటూ కూర్చుంటే సరిపోదు. ప్రయోగం అయిపోయిన ఎలుకల్ని గ్యాసు పెట్టెలో నిద్రపుచ్చాలి కూడా. అది ఎవరూ మనసొప్పి చేసే పని కాదు. పెద్దకోడలు చేసేది. పెట్టె మీద గుడ్డ కప్పి, లోపల కదలిక ఆగేదాకా దాని మీద చెయ్యి వేసి పక్కనే నిలబడేది. "మా చిన్నదానికి ఈ పని వద్దు, అది బెదురుగొడ్డు," అని చెప్పి తోడికోడల్ని గోడకు అవతల పెట్టించింది.

ఆ బెదురుగొడ్డే ఒకరోజు నోరు జారింది. మొదటి కాన్పు నిలవలేదు. రెండోసారి ఆడపిల్ల పుట్టింది. చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడి బిడ్డ ఊపిరి చూసుకుంటున్న రోజులవి. పెద్దకోడలు పని నుంచి వచ్చి, తలారా స్నానం చేసి, తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి పాపను ఎత్తుకోబోయింది.

"ఎలుకల్ని చంపిన ఆ చేతులతో నా బిడ్డను ముట్టుకోకు," అంది చిన్నకోడలు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అన్నారా! పెద్దకోడలు చాచిన చేతులు చాచినట్టే వెనక్కి తీసుకుంది. ఏడవలేదు, ఎదురు తిట్టలేదు. నెల తిరక్కుండా మొగుణ్ణి వెంటబెట్టుకుని నాలుగు వీధుల అవతల వేరు కాపురం పెట్టింది. ఆ చేతులు మళ్ళీ ఆ పిల్ల వైపు రాలేదు.

ఇంట్లో మాటలు మానేయొచ్చు, పనిలో ఎలా? గోడకు ఫోను ఉంది. కానీ ఫోనెత్తితే హలో అనాలి. ఆ హలో ముందు నువ్వను అంటే నువ్వనని ఇద్దరికీ నామోషీ. ఎవరు మొదలుపెట్టారో గానీ, ఇనుప రేకు మీద తట్టడం మొదలైంది. అటునుంచి మూడుసార్లు తడితే, ఉడికింది, నీ తలుపు తెరుచుకో అని. రెండుసార్లు తడితే, ముట్టుకోకు, సరిగ్గా ఉడకలేదు, మళ్ళీ పెడుతున్నాను అని. ఇటునుంచి చిన్నకోడలు ఒక్కసారి తడితే, నా వైపు తలుపు మూశాను, ఇక నీది తెరుచుకోవచ్చు అని. పదేళ్ళు దాటి ఇదే వాళ్ళ భాష. మిగతా ఆడవాళ్ళు ఆ చప్పుడు విని, "మొదలుపెట్టారమ్మా అక్కాచెల్లెళ్ళు కబుర్లు," అని మూతులు తిప్పుకునేవాళ్ళు.

పోయిన వానాకాలం పెద్దకోడలు పోయింది. కడుపులో గడ్డ. ముదిరి ముంచుకొచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. ఆమె పనిలోకి వచ్చిన చివరిరోజు ఒక వింత జరిగింది. ఆటోక్లేవ్‌లో సరుకేమీ లేని వేళ, అటునుంచి మూడు తట్లు వినిపించాయి. చిన్నకోడలు తలుపు తెరిచి చూసింది. లోపల ఏమీ లేదు. ఖాళీ ఇనుప గది, ఆ చివర మూసి ఉన్న రెండో తలుపు, అంతే.

"ఆటపట్టిస్తోంది మహాతల్లి!" అని విసురుగా తలుపు మూసేసింది. మూశానని చెప్పే ఆ ఒక్క తట్టూ తట్టలేదు. పంతం కదా. తర్వాత ఆసుపత్రి, ఆ తర్వాత కబురు.

మనిషి పోయింది గానీ తట్లు పోలేదు.

పెద్దకోడలి చోటికి వచ్చిన మనిషిని అందరూ రేడియో అంటారు. అంతకుముందు ఏళ్ళుగా ఆమె కింద బోనులు కడిగినవాడే. నిద్రలో తప్ప నోరు మూయడని పేరు. అతనికి తట్టే ఓపికా లేదు, తట్టాల్సిన పంతమూ లేదు. ఫోనెత్తి, "అక్కా, ఉడికింది, వడ్డించుకో," అంటాడు. కాబట్టి రేకు మీద మూడు తట్లు వినిపిస్తే అవి రేడియోవి కావు.

మొదటిసారి విన్నప్పుడు చిన్నకోడలి చేతిలో సీసాల బుట్ట జారి నేల మీద పడింది. ఆ తర్వాత ఒకసారి గోడ వంక చూస్తూ కొయ్యబారిపోయింది. పోనుపోను ఎదురుచూడటం మొదలుపెట్టింది. మిట్టమధ్యాహ్నం, ఫ్యాన్ల హోరులో, కడిగిన నేల వాసనలో, చెయ్యి లేని తట్టు. భయం లేదా అంటే ఉంది, వెన్నులో చలి పాకేంత ఉంది. కానీ భయం కన్నా పెద్దది ఇంకోటి ఉంది. తప్పైపోయింది అనే ఒక్క మాట ఆమె నోట్లో పదేళ్ళుగా నానుతోంది. చెప్పాల్సిన మనిషి పోయిందని గుండె బాదుకుందామంటే, ఇదిగో, ఇంకా తలుపు తడుతూనే ఉంది. యంత్రాన్ని పీకేస్తే ఆ తట్టూ పోతుంది. మాట చెప్పుకోవడానికి మిగిలిన ఒకే ఒక్క చోటూ పోతుంది.

మరి చెప్పేయొచ్చుగా అంటారు. అక్కడే వచ్చింది చిక్కు. చిన్నకోడలికి నోటికి తాళం లేదు. ఎదుట ఎవరూ లేకపోయినా, యంత్రం పక్కన నిలబడి సీసాలు సర్దుతూ ఇంటి సంగతులన్నీ తనలో తాను గట్టిగా చెప్పుకుంటుంది. పాపకు జ్వరం వచ్చిందనీ, ముందు పన్ను ఊడిందనీ, బూట్లు కరుస్తున్నాయనీ, లెక్కల్లో మొద్దనీ. పెద్దకోడల్ని తిట్టుకున్నదీ అక్కడే, ఆమె పోయాక కళ్ళు తుడుచుకున్నదీ అక్కడే. ఇన్ని మాటలు వచ్చిన నోటికి, ఆ మూడు తట్లు వినిపించగానే నాలుక అంటుకుపోయేది.

కొత్త యంత్రానికి కొలతలు తీసుకోవడానికి మెకానిక్ వచ్చాడు. స్నానం చేయించి, టోపీ పెట్టి క్లీన్ సైడుకు పంపారు. కొలత టేపు పట్టుకుని గోడ కొలుస్తుండగా, ఆవిరి వదిలిన కాసేపటికి, తట్టు వినిపించింది. మూడు.

చిన్నకోడలు అతని మొహం చూసింది. "విన్నారా?"

"వినకేం. పైపులో నీళ్ళు నిలిచిపోయినయ్యమ్మా. వెనకనుంచి ఆవిరి వచ్చి ఆ నీళ్ళను తోస్తే పైపు అలా కొట్టుకుంటది. పాతవన్నీ అంతే, ముసలాళ్ళ కీళ్ళు పలికినట్టు."

"లెక్కపెట్టి కొట్టుకుంటుందా?"

మెకానిక్ నవ్వాడు. "పైపుకు లెక్కలెక్కడివమ్మా! లెక్కపెట్టేది మనం."

"మరి ఆవిరి లేనప్పుడు?"

"ఆవిరి లేకపోతే చప్పుడే ఉండదు," అన్నాడు, కొలత టేపు చుట్టుకుంటూ. "అయినా దీని తలుపు రబ్బరు అరిగిపోయింది. ఉడుకుతున్నట్టు నటిస్తోందంతే. ఇలాంటిదాన్ని నమ్ముకుని ఎలా పనిచేస్తున్నారమ్మా?"

నమ్ముకుని కాదు నాయనా, అనుకుంది ఆమె.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, డాక్టరమ్మ అడిగిన ఆ టేపు ముక్క రానే వచ్చింది. రేడియో ఫోను చేసి, ఉడికిందని చెప్పి, భోజనానికి వెళ్ళిపోయాడు. చిన్నకోడలు తలుపు తెరిచి మూటలు బయటికి తీసి బండి మీద పేర్చింది. అడుగున ఉన్న పొట్టు మూట బరువుగా తగిలింది. తిప్పి చూస్తే టేపు మీద గీతలు నల్లబడలేదు. పల్చటి టీ రంగులో ఉన్నాయి.

ఆమె చుట్టూ చూసింది. ఎవరూ లేరు. టేపును గోటితో లేపి, పర్రున ఊడదీసి గుప్పిట్లో దాచుకుంది. పక్క మూట మీద టేపు పొడుగ్గా ఉంది. అందులోంచి నల్లబడిన ముక్క ఒకటి చించి దీనికి అంటిస్తే సరి. ఎవరికి తెలుస్తుంది? ఎలుకలు వచ్చి సాక్ష్యం చెప్తాయా? ఇంకో ఏడాది. ఏడాదిలో ఎలాగోలా నోరు తెరుచుకోకపోతుందా? తేలు కుట్టిన దొంగలా నోరు బిగబట్టుకుని ఆ ముక్క చింపింది. ఆ బండి వెళ్ళాల్సింది ఒంటి మీద వెంట్రుక కూడా లేని ఎలుకలుండే గదికి. గుండు పిల్లలు అని ఆమే వాటికి పేరు పెట్టింది. అది గుర్తొచ్చింది. గుర్తు రానట్టు టేపు అంటించబోయింది.

రేకు మీద తట్టు. ఒకటి. రెండు. అంతే.

మూడోదాని కోసం ఆమె ఊపిరి బిగబట్టింది. రాలేదు.

ఆటోక్లేవ్ తలుపు తెరిచే ఉంది. తెరిచి ఉంటే ఆవిరి ఉండదు. ఆవిరి లేకపోతే చప్పుడు ఉండదని కదా మెకానిక్ చెప్పింది! గబగబా ఫోనెత్తి అటువైపు మోగించింది. మోగీ మోగీ ఆగిపోయింది. కడుగుడు గదిలో ఎవరూ లేరు.

మళ్ళీ. ఒకటి. రెండు.

ముట్టుకోకు. ఉడకలేదు.

చిన్నకోడలు చేతిలోని నల్ల టేపు ముక్క వదిలేసింది. యంత్రం పక్కన నేల మీద కూలబడింది. బతికున్నన్నాళ్ళూ ఆ మనిషి సగం ఉడికిన మూట ఒక్కటి గోడ దాటనివ్వలేదు. పోయాక కూడా దాటనివ్వడం లేదు.

"నీకేమన్నా తెలుస్తోందా అక్కా?" అంది, గొంతు చీల్చుకుని. పదేళ్ళ తర్వాత ఆమె అక్కా అని పిలవడం అదే మొదటిసారి. "ఇది చూపిస్తే దీన్ని పీకేస్తారు. నువ్విక తట్టలేవు. నేనిక వినలేను. తెలిసే చెప్తున్నావా?"

ఈసారి తట్టు నెమ్మదిగా వచ్చింది, పసిపిల్లకు నచ్చజెప్పినట్టు. రెండే.

ఆమె లేచి మొహం తుడుచుకుంది. బండి మీది మూటలన్నీ తిరిగి లోపలికి తోసి తలుపు మూసింది. గుప్పిట్లో నలిగిన టేపు పట్టుకుని డాక్టరమ్మ గదికి వెళ్ళి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ టేపునూ చూసింది, అది నలిగిన తీరునూ చూసింది.

"దాచుదామనుకున్నావు కదూ?"

"అవునండీ."

"మరెందుకు తెచ్చావు?"

"వద్దన్నారండీ," అంది చిన్నకోడలు. ఎవరు అని డాక్టరమ్మ అడగలేదు. అడిగే మొహం కాదు ఎదుట ఉన్నది.

పైవాళ్ళు మాట మీద నిలబడ్డారు, వింతే మరి. ఎలుకల్ని పక్క భవనానికి తరలించారు. గోడ చుట్టూ ప్లాస్టిక్ తెరలు కట్టి, పాత యంత్రాన్ని బోల్టులు విప్పి, గొలుసులు వేసి డర్టీ సైడు వైపుకు లాగారు. గోడలో పెద్ద కంత మిగిలింది. చిన్నకోడలు ఆ కంతలోంచి అవతలి గదిని మొదటిసారి చూసింది. అదేదో పరలోకం అన్నట్టు ఊహించుకుంది ఇన్నాళ్ళూ. తీరా చూస్తే రెండు తొట్లు, ఒక గొట్టం, కిటికీ పక్కన మేకుకు వేలాడుతున్న రబ్బరు చేతితొడుగులు. ఒక మూల పొడుగు కాళ్ళ స్టూలు. నాలుగు అడుగులు వేస్తే దాటేంత దూరం. ఆ నాలుగు అడుగులూ ఆమె ఇప్పుడు వేసింది.

యంత్రం పక్కకు తిరిగి ఉంది. అటువైపు తలుపు పక్కన, రేకు మీద ఒకచోట రంగు పోయి, అరచేయి వెడల్పున నున్నగా మెరుస్తోంది. తట్టి తట్టి అరిగిందేమో అనుకుంది. కానీ తట్టిన చోటు కింద వేరే ఉంది, చిన్న చిన్న సొట్టలతో. ఇది మనిషి తల ఎత్తున ఉంది.

"ఇదేమిటి రేడియో?"

"అదా! పెద్దకోడలుగారి చెవి."

"చెవేమిటి?"

"రోజూ అక్కడ చెవి ఆనించి నిలబడేదక్కా. ఏం వింటున్నావమ్మా అంటే, నీళ్ళు మరిగే చప్పుడు వింటున్నా పోరా అనేది. మరిగే చప్పుడుకి ఎవరన్నా నవ్వుతారా? ఈవిడ నవ్వేది. ఒక్కోసారి కళ్ళు తుడుచుకునేది. నేను మాట్లాడితే మాత్రం నోర్ముయ్, వినపడట్లేదు అని కసిరేది. అప్పుడర్థమైంది నాకు, నీళ్ళు కాదని."

బోల్టులు ఏరుకుంటున్న మెకానిక్ ఆ రేకును వేలితో కొట్టి చూశాడు. "ఇక్కడ వేడి పోకుండా రేకుల మధ్యలో కూరిన దూది ఎప్పుడో ఊడి అడుక్కి పడిపోయిందమ్మా. అటు గుసగుసలాడినా ఇటు వినిపిస్తది."

ఆ రేకుకు సరిగ్గా అవతలివైపు ఏముందో చిన్నకోడలికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె నిలబడి సీసాలు సర్దే చోటు.

బూట్లు కరుస్తున్నాయని ఆమె గొణుక్కున్న వారానికి ఆమె మొగుడు కొత్త బూట్ల పెట్టె తెచ్చాడు, అన్నయ్య కొన్నాడే అని. సరిగ్గా సరిపోయాయి. బావగారికి పిల్ల కాలి కొలత ఎలా తెలుసని ఆమెకు అప్పుడు తోచనే లేదు. చలికి గౌను పల్చనైందని అనుకున్న రోజుల్లో ఉన్ని కోటు వచ్చింది. లెక్కల్లో మొద్దు అనుకున్న ఏడాది రంగురంగుల లెక్కల బొమ్మల పెట్టె వచ్చింది. "మా బావగారు దేవుడు," అని ఆమె పదిమందికీ చెప్పుకుంది. పెద్దకోడలికి కుట్టుపని బ్రహ్మాండంగా వచ్చు, చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ కుట్టిచ్చేది. కానీ ఆ వచ్చినవన్నీ కొట్లో కొన్నవి. కొట్టువాడి కవరు విప్పకుండా, అంటించిన కాగితం చిరగకుండా వచ్చేవి. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. పెద్దకోడలు వాటికి తన చేతులు తగలనివ్వలేదు.

"తిట్లు కూడా విన్నదా?" అంది చిన్నకోడలు.

"తిట్లకే కదా ఎక్కువ నవ్వేది! దీనికి తిట్టడం కూడా సరిగ్గా రాదురా, నేనుంటే నేర్పేదాన్ని అనేది."

చిన్నకోడలికి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపైంది. రేడియో జీవితంలో మొదటిసారి కాసేపు నోరు మూసుకున్నాడు. కానీ అతని వల్ల ఎంతసేపవుతుంది?

"చివరిరోజైతే పాపం నిలబడే ఓపిక కూడా లేదక్కా. లోపల సరుకు లేదు, ఏం లేదు. స్టూలేసుకుని కూర్చుని మూడుసార్లు తట్టింది. ఖాళీ దాన్ని ఎందుకు తడతావమ్మా అంటే, తలుపు తెరుస్తుంది కదరా, ఏదో ఒకటి అంటుంది, వింటాను అంది. నువ్వేదో అన్నట్టున్నావు, నవ్వింది. ఆ తర్వాత సాయంత్రం దాకా అలాగే చెవి ఆనించి కూర్చుంది. చీకటి పడుతోంది, ఇటువైపు తెరిచి తుడిచి పోదాం పదమ్మా అని నేనే లాగాను. ఆగరా, అది తలుపు మూశానని ఇంకా చెప్పలేదు అంది. తెరవనివ్వలేదు. అలాగే వదిలేసి వెళ్ళిపోయింది."

చిన్నకోడలు ఆ నున్నటి చోటుకు తన చెంప ఆనించి, మెకానిక్ పిలిచేదాకా అలాగే ఉండిపోయింది.

కొత్త యంత్రం వచ్చింది. మెరిసే తలుపులు, అంకెలు కదిలే తెర, పని పూర్తయితే సన్నగా మోగే గంట. గోడలు ఎంత మందమంటే, అవతల పిడుగు పడినా వినిపించదట. టేపులన్నీ కాటుకలా నల్లబడి వస్తున్నాయి. డాక్టరమ్మ మొహం వెలిగిపోతోంది. చిన్నకోడలు దాని పక్కన నిలబడి సీసాలు సర్దింది. ఒక్క మాట కూడా గొణగలేదు.

పాత యంత్రాన్ని వెనక పెరట్లో రేకుల షెడ్డు కింద పడేశారు, ఇనుప సామాను లారీ వచ్చేదాకా. లారీ మర్నాడు వస్తుందని తెలిసిన సాయంత్రం, చిన్నకోడలు బడి నుంచి కూతుర్ని తిన్నగా అక్కడికే తీసుకొచ్చింది. మబ్బు పట్టి ఉంది. పొద్దున్నించీ ఎండ పొడ లేదు.

"ఇదేంటమ్మా?" అంది పాప, పుస్తకాల సంచి సర్దుకుంటూ.

"మీ పెద్దమ్మ పనిచేసిన యంత్రం."

"పెద్దమ్మంటే బడి గేటు దగ్గర నిలబడేదే, ఆవిడేనా? పోయింది కదా?"

చిన్నకోడలు తల తిప్పి చూసింది. "గేటు దగ్గరా?"

"అప్పుడప్పుడూ. చూసి నవ్వేది. నేను దగ్గరికెళ్తే చేతులు వెనక్కి పెట్టేసుకునేది. ఏం తెచ్చావు, చూపించు అని అడిగితే, ఏం లేదమ్మా, చేతులు మురికిగా ఉన్నాయి అనేది. రోజూ మురికిగానే ఉంటాయా అమ్మా?"

చిన్నకోడలు కూతురి చెయ్యి పట్టుకుని, రంగు పోయిన ఆ నున్నటి చోటు దగ్గరికి తీసుకెళ్ళింది.

"ముట్టుకో."

"ఏముందక్కడ?"

"పెద్దమ్మ. ముట్టుకో తల్లీ."

పాప అరచెయ్యి ఆనించింది. ఆవిరి తీసేసి ఎన్నో రోజులైన ఇనుము అది. పాప మొహంలో ఆశ్చర్యం కనిపించింది.

"వెచ్చగా ఉందమ్మా."

చిన్నకోడలు తానూ ముట్టుకుని చూడలేదు. అది ఆ పిల్లకు రావలసిన వెచ్చదనం. యంత్రం చుట్టూ తిరిగి, తను రోజూ నిలబడే వైపుకు వెళ్ళింది. అటువైపు తలుపు సగం తెరిచి వేలాడుతోంది. రేకుకు నోరు ఆనించింది. ఈసారి నాలుక అంటుకుపోలేదు.

"తప్పైపోయిందక్కా," అంది.

గాలికి షెడ్డు రేకు ఒకటి కదిలి ఆగింది. ఆమె రెండు చేతులతో బలం కొద్దీ ఆ బరువైన తలుపును తోసి మూసింది. గడియ పడింది. అప్పుడు వేళ్ళు ముడిచి, రేకు మీద ఒక్కసారి తట్టింది.

అవతలి నుంచి పాప అడిగింది, "ఎందుకమ్మా తట్టావు?"

"నా వైపు మూశానని చెప్పాను," అంది చిన్నకోడలు. "ఇక ఆవిడ తన తలుపు తెరుచుకుని వెళ్ళొచ్చు."